కదలని పిల్లవాడి పెన్సిల్ బొమ్మ

ఆ రోజు ఉదయం లొవీనా ప్రాట్ వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. ఆరేళ్ళ కొడుకు ఆర్విల్‌ను తెల్లవారుజామునే లేపి బాగా అలిసిపోనిచ్చి, పూట సగం గడిచేసరికి నిద్రపుచ్చాలి. వాడు మేలుకునేలోగా మిస్ క్రోకర్ చేత తన ముగ్గురు పిల్లల బొమ్మ పెన్సిల్‌తో గీయించుకోవాలి. భోజనాల వేళకు అది గోడమీద ఉండాలి. అంతే.

పిల్లవాణ్ణి నిద్రపుచ్చి బొమ్మ గీయించుకోవలసిన అవసరం ఎందుకు వచ్చిందంటే, కిందటి నెల స్టోనీఫోర్డ్‌కు ఒక ఫొటోల బండి వచ్చింది. పెట్టె ముందు కాసేపు ఊపిరి బిగబట్టి కూర్చుంటే చాలు, రాగి రేకుమీద మనిషి మనిషంతా దిగిపోతాడని బండివాడు చెప్పాడు. తొమ్మిదేళ్ళ టామ్సిన్ కొయ్యబొమ్మలా కూర్చుంది. రెండేళ్ళ డెల్లాను శాలువాతో కుర్చీకి కట్టేశారు. వాళ్ళ మధ్య కూర్చున్నది ఆర్విల్. రేకు చేతికి వచ్చాక చూస్తే ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ళ మధ్య కొంత పొగ కనిపించాయి. లొవీనా భర్త ఆసహేల్ పీపాలు చేసేవాడు, నవ్వించే మనిషి. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఆ రేకు చూపించి, "ఇది మా పెద్దది, ఇది చిన్నది, మధ్యలో ఉన్నది వాతావరణం," అనేవాడు.

లొవీనాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. కిందటి చలికాలం దగ్గు జబ్బు ఆ ఊళ్ళో ఎన్ని గడపలు తొక్కిందో ఆమె చూసింది. తన కొడుకు ముఖం ఎక్కడా ఒక గీతగానైనా నిలిచి లేదన్న సంగతి ఆమెను లోపల్లోపల తొలిచేది.

మిస్ ఎమిలైన్ క్రోకర్ చంకలో అట్టల సంచీ పెట్టుకుని ఊరూరా తిరిగే చిత్రకారిణి. ఇంకా పాతికేళ్ళు నిండలేదు. ఆమె చేతి నేర్పు గొప్పదని వెర్మాంట్ కొండల్లో అందరూ ఒప్పుకునేవారు. కానీ ఆమెను పిలిచేది పిల్లలు పోయినప్పుడే. బతికున్న పిల్లలు రోజంతా కళ్ళముందే తిరుగుతుంటే మళ్ళీ బొమ్మ దేనికని వాళ్ళ వాదన. ఆ చలికాలం స్టోనీఫోర్డ్‌లోనే ఆమె రెండిళ్ళలో అలాంటి బొమ్మలు గీసింది. దాంతో ఆమె వీధిలో కనిపిస్తే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కోవడం మొదలైంది. లొవీనా కబురు పెట్టినప్పుడు కూడా ఆ అమ్మాయి గుమ్మంలోనే ఆగి, ఎవరు పోయారని మెల్లగా అడిగింది.

"ఎవరూ పోలేదమ్మా. ముగ్గురూ ఉన్నారు. అదే కదా నా బాధ," అంది లొవీనా.

మిస్ క్రోకర్ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, తర్వాత తల పక్కకు తిప్పుకుంది. బతికున్న పిల్లల్ని గీయడానికి ఆమెను పిలవడం అదే మొదటిసారి.

పథకం మొదట్లో చక్కగానే నడిచింది. ఆర్విల్ చీకటితోనే తండ్రి వెంట వెళ్ళి ఆవుల్ని తోలాడు, కట్టెలు మోశాడు, అవసరం లేకపోయినా బాతుల్ని తరిమాడు. ఇంటికి వచ్చి మేపుల్ పాకం పోసిన అట్లు ఆపకుండా తిన్నాడు. చివరి అట్టు సగంలో ఉండగా పొయ్యి పక్క పొడుగు బల్లమీద వెల్లకిలా పడి నిద్రపోయాడు. లొవీనా వాడి ముఖం తుడిచి, ఆదివారం తొడిగే తెల్ల చొక్కా తొడిగి, తల దువ్వింది. బొమ్మ అందంగా రావాలని టామ్సిన్ పెరట్లోంచి తెల్లపూలు కోసుకొచ్చి తమ్ముడి చేతులు గుండెమీద కలిపి వాటిలో పెట్టింది. తను తలదగ్గర కూర్చుని, డెల్లాకు బిస్కెట్టు ఇచ్చి కాళ్ళదగ్గర కూర్చోబెట్టింది. మిస్ క్రోకర్ పెన్సిల్ చెక్కుకుంది.

ఇక పిల్లవాడు మేలుకోకుండా చూడడమే మిగిలింది. గోడగడియారం గంట కొడితే లేస్తాడని లొవీనా దాని లోలకాన్ని ఆపేసింది. ఎవరైనా వచ్చి తలుపు తడతారేమోనని, చేతికందిన భర్త నల్ల మేజోడు ఒకటి తీసి వీధితలుపు ఇనుప కడియానికి చుట్టింది. ఇంతలో అద్దంలోంచి ఎండ తిరిగి పిల్లవాడి కళ్ళమీద పడుతోందని మిస్ క్రోకర్ అంటే, అద్దంమీద శాలువా కప్పింది. అన్నీ ఆలోచించి చేశానన్న తృప్తితో లొవీనా ఉల్లిపాయలు తరుక్కోవడానికి కూర్చుంది.

పక్కింట్లో ఆమె అక్క జిల్ఫా ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. అక్కచెల్లెళ్ళిద్దరూ మాట్లాడుకుని రెండేళ్ళయింది. తగువు వచ్చింది వాళ్ళమ్మ ఆపిల్ జామ్ కాచే రాగి గంగాళం దగ్గర. అది పెద్దదానికే చెందాలని అమ్మ అన్నదని జిల్ఫా వాదన. పిల్లలున్నదానికే చెందాలని అన్నదని లొవీనా వాదన. ఆవిడ చివరి రోజుల్లో రెండూ అని ఉంటుందని ఊళ్ళోవాళ్ళ అనుమానం. గంగాళం జిల్ఫా ఇంట్లో ఉండిపోయింది. ఏటా ఒక్కతే కూర్చుని అంత జామూ కాచేది. తినేవాళ్ళు లేక చర్చికి ఇచ్చేది. ఆర్విల్ మాత్రం కంచె సందులోంచి దూరి వెళ్ళి పెద్దమ్మ దగ్గర జామ్ రొట్టె తిని, ఎవరికీ చెప్పకుండా వచ్చేవాడు. ఎవరికీ చెప్పకపోయినా బుగ్గలు చెప్పేవి.

ఆ ఉదయం జిల్ఫా బాతు ఒకటి కంచె దాటి చెల్లెలి పెరట్లోకి వచ్చింది. పొద్దున ఆర్విల్ తరిమినవాటిలో అదీ ఒకటి. దాన్ని పట్టుకోవడానికి వచ్చిన జిల్ఫా, చూడకూడదనుకుంటూనే కిటికీలోంచి లోపలికి చూసింది. ఆర్విల్ తెల్లచొక్కాలో కళ్ళు మూసుకుని పడుకున్నాడు. గుండెమీద పూలు. వాడి అక్క తలదగ్గర, చెల్లి కాళ్ళదగ్గర. చెల్లెలు లొవీనా కళ్ళు తుడుచుకుంటోంది. ఎవరైనా పోయిన ఇంట్లో చేసినట్టే గడియారం ఆపి ఉంది, అద్దానికి గుడ్డ కప్పి ఉంది. ఎదురుగా ఆ క్రోకర్ పిల్ల వంచిన తల ఎత్తకుండా గీస్తోంది. ఇవన్నీ ఒక ఎత్తు. ఆర్విల్ తల దువ్వి ఉండడం ఒక్కటీ ఒక ఎత్తు. బతికున్న ఆర్విల్‌ను ఆమె ఎప్పుడూ అలా చూడలేదు.

చేతిలోని బాతు ఎప్పుడు జారిపోయిందో ఆమెకు తెలియలేదు. వీధిగుమ్మం దాకా పరిగెత్తింది. చావు ఇంటి గుర్తుగా కట్టే నల్లగుడ్డ కడియానికి చుట్టి ఉండడం చూసి అక్కడే ఆగిపోయింది. ఎత్తిన చెయ్యి తలుపుమీద పడలేదు. రెండేళ్ళుగా పలకరించని మనిషి, పిల్లవాడు పోయాక ఏ ముఖంతో తలుపు తడుతుంది? ఆమె వెనుదిరిగి, ఏడుస్తూ పాస్టరుగారింటికి నడిచింది.

పాస్టర్ హోబార్ట్ మంచివాడు. విన్నదాన్ని వెంటనే నమ్మడం ఆయన మంచితనంలో ఒక భాగం. జిల్ఫా ఏడుపులో ఆయనకు తెలిసింది రెండే మాటలు, "ఆర్విల్", "పోయాడు". ఆయన మరోమాట అడగకుండా చర్చి గంట కొట్టేవాడికి కబురు పెట్టాడు. వడ్రంగి లంట్‌కు చెప్పాడు. భార్య చేత చుట్టుపక్కల ఇళ్ళకు చెప్పించాడు. ఊళ్ళో ఆడవాళ్ళు మారుమాట లేకుండా పొయ్యిలు ముట్టించి పిండి కలపడం మొదలుపెట్టారు. ఎవరి ఇంట్లో దుఃఖం వచ్చినా వాళ్ళకు తోచే మొదటి మాట, పిండిలో పళ్ళు పెట్టి కాల్చే 'పై'.

ఆ ఊళ్ళో ఎవరైనా పోతే వాళ్ళకు ఎన్నేళ్ళో అన్ని గంటలు కొడతారు. లొవీనా ఉల్లిపాయల దగ్గర కూర్చుని గంట విన్నది. కంగారుగా కొడుకు వైపు చూసింది. వాడు కదలలేదు, చిన్నగా గురక పెడుతున్నాడు. అమ్మయ్య అనుకుంది. ఆ తర్వాత గంటలు లెక్కపెట్టింది. ఆరు దగ్గర ఆగిపోయాయి. ఊళ్ళో ఆరేళ్ళవాడు ఆర్విల్ కాక ఇంకొక్కడే ఉన్నాడు, హాచ్‌లవాళ్ళ లూషియస్. చలికాలమంతా దగ్గినవాడు.

"లూషియస్ పోయినట్టున్నాడమ్మా," అని మిస్ క్రోకర్‌తో గుసగుసగా అంది.

మిస్ క్రోకర్ చేతిలో పెన్సిల్ ఆగింది. ఇక తన్ను ఎక్కడికి పిలుస్తారో ఆమెకు తెలుసు. ఒక్క పూటైనా బతికున్న పిల్లల మధ్య గడుపుదామనుకుంటే అదీ లేకపోయిందనుకుని, పిలుపు వచ్చేలోగా దీన్ని పూర్తి చేయాలన్నట్టు మళ్ళీ గీతల్లో పడింది. లూషియస్ టామ్సిన్‌తో ఒకే బడిలో చదువుకునేవాడు కాబట్టి టామ్సిన్ ఏడవసాగింది. అక్క ఏడుస్తోందని డెల్లా ఏడ్చింది. లొవీనా ఉల్లిపాయలు వదిలి నల్లగౌను తీసి వేసుకుంది. దుఃఖంలో ఉన్న ఇంటికి వట్టిచేతులతో వెళ్ళకూడదని వండి ఉంచిన పందిమాంసం ముక్కలు కోసి పళ్ళెంలో సర్దింది. అప్పుడే పాస్టర్ హోబార్ట్, వెనక వడ్రంగి లంట్, చప్పుడు చేయకుండా తలుపు తోసుకుని వచ్చారు.

నల్లగౌనులో, ఎర్రబడ్డ కళ్ళతో ఎదురొచ్చిన లొవీనాను చూసి పాస్టరుగారికి మిగిలిన సందేహం కూడా తీరిపోయింది.

"దైవ సంకల్పం తల్లీ," అన్నాడు.

"గంట వినగానే కాళ్ళూ చేతులూ ఆడలేదండీ. ఇంకా పసివాడు కదా."

"నువ్వు చాలా ధైర్యంగా ఉన్నావు."

"నాదేముందండీ. ఓర్చుకోవలసింది ఆ కన్నతల్లి. నేనే బయల్దేరుతున్నాను, ఇదిగో, మాంసం కూడా కోసి పెట్టాను. కాస్త మెల్లగా మాట్లాడండి, వీడు లేస్తాడు."

పాస్టరుగారు వడ్రంగి వైపు చూశాడు. వడ్రంగి నేల వైపు చూశాడు. దుఃఖం మనిషి మతిని ఎలా తప్పిస్తుందో ఇద్దరూ ఇదివరకు చూసినవాళ్ళే. పాస్టరుగారు ఆమె చేతిలోని పళ్ళెం మెల్లగా అందుకుని, కూర్చోమన్నాడు. ఆయన తన్ను కూర్చోబెట్టడమేమిటో లొవీనాకు అర్థం కాలేదు. హాచ్‌లవాళ్ళింటికి వెళ్ళవలసిన పాస్టరు దారిలో తన దగ్గర ఆగడమెందుకో కూడా అర్థం కాలేదు. అడుగుదామనుకునే లోపే గుమ్మంలో జిల్ఫా కనిపించింది.

రెండేళ్ళ తర్వాత అక్క తన గడప దాటి వచ్చి తన్ను కావలించుకుంది. "లొవీనా, గంగాళం నువ్వే తీసుకోవే. నాకొద్దు. ఏమీ వద్దు," అంది.

లూషియస్ చావు అక్క మనసును ఇంతగా కరిగించిందా అని లొవీనా విస్తుపోయింది. మనసు మంచిదే, పైకి కనిపించదంతే అనుకుని, తను కూడా అక్క భుజంమీద తల పెట్టి ఏడ్చింది. వాళ్ళను చూసి పాస్టరుగారు ఒక చేత్తో కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

ఎవరూ చూడని ఆ సమయంలో వడ్రంగి లంట్ బల్ల దగ్గరికి వెళ్ళాడు. అరవై దాటిన మనిషి. ఆ ఊళ్ళో ప్రతి ఊయలా, ప్రతి శవపేటికా ఆయన చేతిదే. ఆ సంవత్సరం పిల్లల పెట్టెలు ఎక్కువ చేశాడు. అవి చేసి చేసి ఆయన మాట తగ్గించాడు. మోకాళ్ళమీద కూర్చుని కొలబద్దను పిల్లవాడి పక్కన మెల్లగా పెట్టాడు. చల్లని కర్ర చెవికి తగిలింది.

ఆర్విల్ కళ్ళు తెరిచాడు. ముందు కొలబద్దను చూశాడు. తర్వాత దాన్ని పట్టుకున్న మనిషిని చూశాడు.

"నాకు మంచుమీద జారే బండి చేస్తున్నావా, లంట్ తాతా?"

లంట్ అలాగే వెనక్కి పడి నేలమీద కూర్చుండిపోయాడు. కొలబద్దను వెనక దాచాడు.

"అవునురా అబ్బాయ్. మంచుబండే," అన్నాడు.

జిల్ఫా కెవ్వుమంది. పాస్టరుగారి చేతిలోంచి మాంసం పళ్ళెం పడిపోయింది. ఆర్విల్ లేచి కూర్చుని, చేతిలో పూలు ఎందుకున్నాయో తెలియక కాసేపు చూసి, వాటిని డెల్లా నెత్తిన పెట్టాడు. లొవీనా అందరిలోనూ కోపంగా చూసింది ఒక్క లంట్‌నే. ఇంత కష్టపడి నిద్రపుచ్చితే లేపేశాడని.

అదే సమయంలో వీధిలో బరువైన అడుగులు వినిపించాయి. అవి ఆసహేల్‌వి. అంతకు కాస్త ముందు నది ఒడ్డున ఉన్న ఆయన పీపాల కొట్టంలోకి ముగ్గురు మనుషులు టోపీలు చేత్తో పట్టుకుని వెళ్ళి, ఆసహేల్‌ను ఇంటికి వెళ్ళమన్నారు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. అంతకు ముందే ఆరు గంటలు విన్నవాడు కాబట్టి ఆయన రెండోసారి అడగలేదు. తోలు ఆప్రాన్‌తో, చేతిలో సుత్తితో కొండెక్కి పరిగెత్తి వచ్చాడు. గుమ్మంలోకి వచ్చేసరికి కొడుకు నేలమీద పడ్డ మాంసం ముక్కల్ని ఏరుకుని తింటున్నాడు. ఆసహేల్ సుత్తి వదిలేసి వాణ్ణి ఎత్తుకున్నాడు. ఊళ్ళోవాళ్ళందరినీ నవ్వించే మనిషి, ఆ పూట ఒక్క హాస్యమూ ఆడలేదు. పిల్లవాడి మెడలో ముఖం దాచుకుని, వాడు ఊపిరాడటం లేదని తన్నేదాకా వదల్లేదు.

ఆ తర్వాత సంగతి బయటపడడానికి ఎక్కువసేపు పట్టలేదు. అందరి కళ్ళూ జిల్ఫామీదికి తిరిగాయి. ఆమె తల ఎత్తి, తలుపుకు నల్లగుడ్డ కట్టిందెవరు, గడియారం ఆపిందెవరు, అద్దం కప్పిందెవరు అని వరసగా అడిగింది. పాస్టరుగారు దగ్గరికి వెళ్ళి ఆ నల్లగుడ్డను పరీక్షగా చూసి, అది మేజోడు అని తేల్చాడు. మడమ దగ్గర కన్నం ఉంది.

"నన్ను అడిగితే సరిపోయేది కదే. తలుపు తట్టలేకపోయావా?" అంది లొవీనా.

"ఎలా తట్టేది? మనిద్దరికీ మాటల్లేవుగా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు పెదవి కొరుక్కున్నది చెల్లెలు, ముందు నవ్వింది అక్క. ఆ నవ్వు మధ్యలోనే లొవీనా, గంగాళం ఇస్తానని మాట ఇచ్చావని గుర్తుచేసింది. అది పోయినవాడి కోసం ఇచ్చిన మాట అని, వాడు లేచి కూర్చున్నాక ఆ మాటా లేచిపోయిందని జిల్ఫా అంది. అది ఎవరింట్లో ఉండాలన్నది ఆ పూట తేలలేదు. తేల్చుకోవడానికి మాత్రం అక్కచెల్లెళ్ళు ఇక రోజూ మాట్లాడుకోక తప్పలేదు.

ఈలోగా ఊరు ఊరంతా పైలు పట్టుకుని వాకిట్లో నిలబడింది. గుమ్మడికాయ పై, ఆపిల్ పై, బీన్స్ కుండలు, ఒకరు తెచ్చిన కేకు. దుఃఖానికని చేసినవాటిని సంతోషానికి తినవచ్చా అని కొందరు సందేహపడ్డారు. ఆర్విల్ ఆ సందేహం తీర్చాడు. గంట కొట్టేవాడు లోపలికి వచ్చి, ఇప్పుడు ఏం కొట్టమంటారని పాస్టరుగారిని అడిగాడు. కొట్టిన గంటను వెనక్కి తీసుకునే పద్ధతి ఏ ప్రార్థన పుస్తకంలోనూ లేదని పాస్టరుగారు ఒప్పుకున్నాడు.

మిస్ క్రోకర్ ఒక మూలన నిలబడి తన సంచీ సర్దుకుంటోంది. ఈ ఊళ్ళో ఇక తన పని అయిపోయిందని ఆమెకు రూఢి అయింది. ఆమె నీడ పడితేనే పిల్లలు పోతారనుకునేవాళ్ళు, ఈ గొడవ తర్వాత ఊళ్ళో అడుగు పెట్టనిస్తారా? బొమ్మ బల్లమీద ఉంది. దాన్ని వదిలేసి పెరటిదారిన వెళ్ళిపోదామని ఆమె అనుకుంటుండగా, హాచ్ గారి భార్య ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. ఆమె తన లూషియస్‌ను కూడా వెంటబెట్టుకుని, వాణ్ణి చెయ్యి వదలకుండా పట్టుకుని వచ్చింది.

కాగితంమీద టామ్సిన్ కళ్ళలో ఏడుపు, బొమ్మ బాగా రావాలన్న పట్టుదల రెండూ ఉన్నాయి. డెల్లా బిస్కెట్టు సగం తిని ఉంది. మధ్యలో ఆర్విల్ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. దువ్విన జుట్టులోంచి ఒక్క పాయ అప్పటికే లేచి నిలబడింది. పెదవి చివర తుడిచినా పోని పాకం మరక. ఎడమకాలు ఒకటి కాదు, మూడు ఉన్నాయి. నిద్రలో కూడా వాడు ఆ కాలు ఆడిస్తుంటే మిస్ క్రోకర్ ఏది చెరపాలో తోచక మూడింటినీ ఉంచేసింది. ఆ బొమ్మను చూసి పోయిన పిల్లవాడని గుడ్డివాడు కూడా అనడు.

కాగితం చేతులు మారింది. ఆ గంట వినగానే ప్రతి తల్లీ ముందు తన పిల్లల్ని వెతుక్కుంది. కనిపించాక వాళ్ళను ఊరికే ఒకసారి తడిమింది. ఆ తర్వాతే పిండి కలిపింది. ఆ సంగతి ఎవరూ ఎవరితోనూ చెప్పుకోలేదు. వడ్రంగి లంట్ కాగితాన్ని అందరికంటే ఎక్కువసేపు చూశాడు. శవపేటిక కోసం అప్పటికే ఏరి పెట్టుకున్న పలకలతో మంచుబండి చేయడానికి ఇంటికి వెళ్ళిపోయాడు. అది జూన్ నెల, మంచు కురిసే కాలం కాదు. ఎవరూ ఆయనకు ఆ మాట గుర్తుచేయలేదు.

"అమ్మాయ్, నువ్వు వెళ్ళిపోతున్నావా?" అంది హాచ్ గారి భార్య.

"అవునండీ."

"వెళ్ళకు. మా వాణ్ణి గియ్యాలి. ఇవాళే."

మిస్ క్రోకర్ సంచీ పట్టీ చేతిలో అలాగే ఉండిపోయింది. ఎవరు పోయారన్న అలవాటైన ప్రశ్న కాకుండా కొత్త ప్రశ్న అడిగింది. "కుదురుగా కూర్చుంటాడా?"

"కూర్చోడు. నిద్రపుచ్చుతాను."

ఆ మాట వాకిలంతా పాకింది. మా ఇద్దరినీ గియ్యమని ఒకరు, మా కవలల్ని ముందు గియ్యమని మరొకరు, మా అబ్బాయి పన్ను ఊడకముందే గియ్యమని ఇంకొకరు మిస్ క్రోకర్ చుట్టూ మూగారు. ఆమె సంచీ తెరిచి పెన్సిళ్ళు చూసుకుని, ఇవి చాలవని నవ్వింది. ఆమె నవ్వగా ఊళ్ళోవాళ్ళు చూడడం అదే మొదలు. పైల పళ్ళేలు ఎక్కడివక్కడ వదిలేసి తల్లులు పిల్లల్ని చెయ్యి పట్టుకుని గబగబా ఇళ్ళకు నడిచారు. కాసేపటికి స్టోనీఫోర్డ్‌లో ప్రతి ఇంటి గడియారం ఆగింది, ప్రతి తలుపు కడియానికి ఒక మేజోడు ఎక్కింది.

ఆ మధ్యాహ్నం ఊళ్ళో ఒక్క పిల్లా నిద్రపోలేదు.